గడ్డ లేదన్న కబురు

1967 నవంబర్ 14, మంగళవారం

ఉదయం ఐదున్నరకు నిర్మల కళ్ళు తెరిచింది. నీళ్ళు అడిగింది. చెంచాతో పోశాను. సగం ఎడమ పెదవి పక్కనుంచి కారిపోయాయి. తుడిచాను.

ఎనిమిదికి పనిమనిషి రామమ్మ వచ్చింది. బోళ్ళు తోమింది. వేడినీళ్ళు కాచి నిర్మల కాళ్ళు తుడిచింది. నిర్మల ఆమెను చూసి మొహం అటు తిప్పుకుంది. సెప్టెంబర్ నుంచి ఆమె కనబడితే ఇంతే. రామమ్మ ఆమె తలవైపు రాకుండా, కాళ్ళ దగ్గరి పని చూసుకుని పోయింది.

పదకొండుకు మెదక్ దవాఖానా నుంచి డాక్టరు వచ్చారు. కళ్ళలో టార్చి వేసి చూశారు. కుడి కంటిపాప పెద్దదైంది, వెలుతురుకు కదలడం లేదు అన్నారు. మళ్ళీ హైదరాబాదు తీసుకుపోనా అని అడిగాను. అరవై మైళ్ళు, దారిలో కష్టపెట్టడమే అవుతుందన్నారు.

ఒంటిగంటకు నన్ను పేరు పెట్టి పిలిచింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఎప్పుడూ పిలవలేదు. అమరేందర్, లైటు బందు చెయ్యి అంది. లైటు వేసి లేదు. లేచి కిటికీ మూశాను.

తర్వాత మాట్లాడలేదు. రెండున్నరకు ఒళ్ళంతా కొట్టుకుంది. మూడు నిమిషాలు. వాచీ చూశాను, ఎందుకు చూశానో తెలియదు. మూడు గంటల నలభైకి ఊపిరి ఆగింది.

నాలుగున్నరకు ఆమె అన్న ఇంద్రకరణ్ శివ్వంపేట నుంచి జీపులో వచ్చాడు. గడప దగ్గరే కూర్చుండిపోయాడు.

నిర్మలకు ముప్పై ఒక్క ఏళ్ళు. మాకు పిల్లలు లేరు.


నవంబర్ 15

దహనం పదింటికి. ఇంటికి ఒంటిగంటకు. ఇవాళ ఇంతే.


నవంబర్ 20, సోమవారం

వచ్చినవాళ్ళందరిదీ ఒకే ప్రశ్న. ఎట్ల షురువైంది సారూ అని. అందరికీ అదే జవాబు చెప్పి చెప్పి నాకే అబద్ధంలా వినిపిస్తోంది. ఇక్కడ ఒకసారి సరిగ్గా రాసుకుంటాను.

ఏప్రిల్‌లో తలనొప్పి. ఎండకు అనుకున్నాం. రామమ్మ ఆముదం పెట్టి తల మర్దన చేసేది. ఆమెది టేక్మాల్. భర్త పోయాక ఇక్కడికి వచ్చి మా వీధి చివర గది కిరాయికి తీసుకుంది. నాలుగిళ్ళలో పని. ఆమె తల పిసికితే నొప్పి దిగుతుందని వీధిలో పేరు. నిర్మలకూ దిగేది, ఒక గంట. ఆ గంట ఇద్దరూ ఒకటే ముచ్చట. నేను పక్కగదిలో ఆఫీసు కాగితాలు చూసుకుంటూ ఉంటే నా నడక మీద, నా మీసం మీద నవ్వుకునేవారు. వినబడనట్టు కూర్చునేవాణ్ణి.

జూలైలో మరపు. పప్పులో రెండుసార్లు ఉప్పు. గోడ గడియారం చూసి టైము చెప్పలేకపోయింది. నవ్వింది. ఆగస్టులో ఎడమ చేతిలోంచి చెంబులు జారడం మొదలైంది. ఈ చెయ్యికి నా మీద కోపమొచ్చింది అనేది.

ఆ నెలలోనే మనిషి మారింది. చీర పోయిందని ఇల్లంతా వెతికింది, అదే చీర కట్టుకుని. అన్నంలో ఏదో కలిపారంది. సెప్టెంబర్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం వాకిట్లో నిలబడి గట్టిగా అరిచింది. రామమ్మ నా తలకాయల చెయ్యి పెట్టింది, ఇంకా తీస్తలేదు, లోపట్నే ఉన్నది అని. వీధి విన్నది. ఇంద్రకరణ్ ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాడు. అతనూ విన్నాడు. రామమ్మ నూనె గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది.

అదే నెలాఖరుకు ఫిట్స్. హైదరాబాదులో పెద్ద దవాఖానా. మెడలో సూదితో రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలు తీశారు. డాక్టర్ మదన్ మోహన్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించారు. రక్తనాళాలు ఇక్కడ పక్కకు నెట్టుకుపోయాయి, లోపల గడ్డ ఉంది, నిమ్మకాయంత అన్నారు. అక్టోబర్ 19న ఆపరేషన్. నాలుగు గంటలు. బయటికి వచ్చి, గడ్డ దొరకలేదు, అక్కడ మెదడు వాచి గట్టిపడి ఉంది, చిన్న ముక్క తీసి మద్రాసు పంపుతున్నాం, రిపోర్టు రావాలి అన్నారు.

వాపు తగ్గడానికి పది రోజులు చిన్న తెల్లబిళ్ళలు ఇచ్చారు.

ఆ పది రోజులు నిర్మల మళ్ళీ నిర్మల. గుండు చేసిన తల తడుముకుని, తిరుపతి పోకుండనే మొక్కు తీరింది అంది. ఎడమ చేత్తో గ్లాసు పట్టింది. ఏడో రోజు, రామమ్మ ఎట్లున్నది, నేను ఏమన్న అంటినా ఆమెను అని అడిగింది. ఏమీ అనలేదన్నాను. అప్పుడు వార్డులో మేమిద్దరమే.

బిళ్ళలు అయిపోయాయి. దీపావళి ముందురోజు ఇంటికి వచ్చాం. ఐదు రోజులు బాగుంది, ఆ రోజుల్లో రామమ్మ పండుగకు టేక్మాల్ పోయి ఉంది. తర్వాత ఒక్కసారిగా అంతా తిరిగి వచ్చింది.


నవంబర్ 24, శుక్రవారం

పదో రోజు. శివ్వంపేట నుంచి రెండు జీపుల నిండా మనుషులు.

భోజనాల దగ్గర వాళ్ళ పెద్దమనిషి ఒకాయన అడిగాడు, గడ్డ ఎంతుండె సారూ అని. గడ్డ లేదట, కోసి చూస్తే గడ్డ లేదన్నారు అన్నాను. నిజమే చెప్పాను. అలసిపోయి ఉన్నాను. అంతకంటే ఎక్కువ మాట్లాడే ఓపిక లేదు.

ఇంద్రకరణ్ చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాడు. గడ్డ లేకుంటె మరి ఇంకేమున్నది బావా లోపట అని అడిగాడు. తెలియదు, రిపోర్టు రావాలన్నాను. చావంగ వచ్చే రిపోర్టు ఏం రిపోర్టు అన్నాడు ఇంకెవరో. దాక్టర్ల కండ్లకు దొరకంది ఏముంటదో మనకు ఎరుక లేదా అన్నాడు మొదటి పెద్దమనిషి. పిల్ల ఆనాడే చెప్పె గద, చెయ్యి పెట్టిందని, ఎవలన్న ఇంటిరా అంది వెనకనుంచి ఒక ఆడగొంతు.

బాణామతి అనే మాట ఎవరూ పైకి అనలేదు. ఒకరి చెవిలో ఒకరు అన్నారు. దూరం నుంచే మంత్రం వేసి మనిషిని లోపల్లోపల తినేస్తారని. నేను మజ్జిగ పోయించుకున్నాను.

రామమ్మ అప్పుడు పెరట్లో గుండిగలు తోముతోంది.


నవంబర్ 26, ఆదివారం

నిన్న జరిగింది రాయాలి.

నిన్న పగలు నేను ఫతేనహర్ కాలువ మీద ఉన్నాను. సెలవు అయ్యాక మొదటి డ్యూటీ. నాలుగింటికి ఇల్లు చేరాను. మా సెక్షన్ లష్కరు ఫక్రుద్దీన్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కాలువ గట్ల మీద కాపలా తిరగడంలో ముప్పై ఏళ్ళ సర్వీసు. నాకు లేచి నిలబడి సలాం చేస్తాడు. నిన్న లేవలేదు.

పొద్దున పదకొండుకు ఇంద్రకరణ్ మనుషులు నలుగురు జీపులో వచ్చారట. రామమ్మను గదిలోంచి ఈడ్చి వీధి మధ్యలో నిలబెట్టారు. ఒకడు జుట్టు పట్టుకున్నాడు. ఒకడి చేతిలో పట్టుకారు. పండ్లు పీకుతామన్నారు. పండ్లు లేకపోతే మంత్రం నోట్లోంచి సరిగ్గా రాదని వాళ్ళ లెక్క. వీధి చూస్తూ ఉంది. ఫక్రుద్దీన్ అడ్డం పోయి, ముసలోన్ని, ముందల నా పండ్లు పీకుండ్రి, నాలుగే ఉన్నయి, మీకు జల్ది అయితది అన్నాడట. ఎవడో నవ్వాడు. ఆ నవ్వుతో చెయ్యి సడలింది. ఊరిడిసి పోతె ఇడుస్తం, లేకుంటె మళ్ల వస్తం అని పోయారు. గది ఇచ్చినాయన వెంటనే ఖాళీ చేయమన్నాడు.

ఆమె మూట కట్టుకుని మా ఇంటి ముందుకు వచ్చింది. తాళం ఉంది. తాళం దిక్కు చూసి, సారు ఉంటె గిట్ల కానిచ్చెటోడు కాదు అని ఫక్రుద్దీన్‌తో అన్నదట. ఈ మాట నన్ను బాధ పెడుతోంది. నిజమో కాదో నాకే తెలియదు కాబట్టి.

టేక్మాల్ బస్సు ఐదున్నరకు అని, ఆమె బస్టాండులోనే ఉన్నదని ఫక్రుద్దీన్ చెప్పాడు. బస్టాండు పది నిమిషాల నడక. గంటన్నర టైముంది.

పోలేదు.


డిసెంబర్ 1

అమావాస్య. ఇంద్రకరణ్ మనిషి వచ్చి ఇంటి నాలుగు మూలలా నిమ్మకాయలు కట్టిపోయాడు. వద్దనలేదు.


డిసెంబర్ 5

వంట మొదలుపెట్టాను. అన్నం మాడింది. కొత్త పనిమనిషి దొరకదు. ఈ ఇల్లంటే భయపడుతున్నారు.


డిసెంబర్ 12, మంగళవారం

మద్రాసు రిపోర్టు పోస్టులో వచ్చింది. పొడుగు కవరు. పేషెంట్ నిర్మల, ఫిమేల్, థర్టీ వన్. ఇంకా బతికి ఉన్నట్టే రాశారు.

ఒక పేజీ. నియోప్లాజమ్ ఆనవాళ్ళు లేవట. గ్రాన్యులోమేటస్ ఆంజైటిస్ అట. డిక్షనరీ తీశాను. మొదటి మాట అంటే కొత్త కంతి. అది లేదు. రెండోది డిక్షనరీలో లేదు.

సాయంత్రం బస్టాండు దగ్గర వీరయ్య హోటల్లో టీ తాగుతుంటే, రిపోర్టు వచ్చిందట గద సారూ అన్నాడు. పోస్టుమాన్ చెప్పి ఉంటాడు. వచ్చింది, గడ్డ కాదని ఖాయమైంది అన్నాను. వీరయ్య గ్లాసు కడుగుతూ, ఇగ సర్కారు ముద్ర గూడ వడ్డదన్నట్టు, పాపం దొర్సాని అన్నాడు.

ఒకే వాక్యంతో రెండుసార్లు అదే పని చేశాను.


డిసెంబర్ 16, శనివారం. హైదరాబాదు నుంచి వచ్చి

డాక్టర్ మదన్ మోహన్ గంటసేపు కూర్చోబెట్టుకున్నారు. బయట లైనుంది. అయినా తొందర పడలేదు.

మెదడులోని రక్తనాళాల గోడలు వాచాయట. గోడ వాస్తే దారి సన్నబడుతుంది. దాని కింద ఉన్న భాగానికి రక్తం అందదు. ఆ భాగం ఉబ్బి పక్కవాటిని నెడుతుంది. ఫిల్ము మీద అచ్చం గడ్డలాగే ఉంటుంది. మేమూ గడ్డే అనుకున్నాం, నా సర్వీసులో ఇదే మొదటిది అన్నారు. ఎందుకు వస్తుందని అడిగాను. ఎవరికీ తెలియదన్నారు. తెలియదనే మాట అంత సూటిగా ఈ మధ్య ఎవరి నోటా వినలేదు.

బిళ్ళల గురించి అడిగాను. కొంచెంసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. అవి నెలల తరబడి ఇచ్చి ఉంటే ఆగేదేమో. ఆగకపోనూవచ్చు. గడ్డ అనుకున్నవాళ్ళం పది రోజులకు మించి ఇవ్వం. రిపోర్టు ముందే వచ్చి ఉంటే ఇచ్చేవాణ్ణి. ఇదీ ఆయన చెప్పింది. కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు.

చివరికి అసలు సంగతి అడిగాను. మా ఇంట్లో పనిచేసే ఆమె మీద అరిచేది, తలలో చెయ్యి పెట్టిందనేది అన్నాను. ఆ భాగం చెడితే అనుమానం పుడుతుంది, ఎవరు దగ్గరుంటే వాళ్ళ మీదికే పోతుంది, నన్ను తన్నిన పేషెంట్లున్నారు అన్నారు. అదంతా తెలుగులో రాసివ్వమన్నాను. ఎందుకని అడిగితే రామమ్మ విషయం చెప్పాను. ఆయన పెన్ను తీసి మళ్ళీ పెట్టేశారు. నాది ఉర్దూ మీడియం అమరేందర్ గారూ, తెలుగులో నా పేరు కూడా తప్పు రాస్త, నేను చెప్త, మీరు రాయుండ్రి అన్నారు. ఆయన చెప్పారు, నేను రాశాను. మానసిక స్థితి చెడినందున అన్నచోట నా చెయ్యి ఆగింది. ఆయన ఆగారు. రాశాను. సంతకం చేసి ముద్ర వేశారు.


డిసెంబర్ 17, ఆదివారం

కాలువ చివరి పొలాలకు నీళ్ళు అందకపోతే, పై పొలంవాడు గండి కొట్టాడని దరఖాస్తు వస్తుంది. ప్రతి ఏడూ వస్తుంది. పైవాడి పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు కూడా రాస్తారు. కళ్ళారా చూశామని వేలిముద్రలు పెడతారు. దాని మీద నేను సంతకం చేయను. కాలువ వెంట నడుస్తాను. చాలాసార్లు ఏ తూము దగ్గరో గట్టు నాని, ఉబ్బి, లోపలికి జారి ఉంటుంది. దొంగ ఉండడు. నడిచి చూడందే ఎవరి పేరూ రాయకూడదని కొత్తగా చేరిన వర్క్ ఇన్‌స్పెక్టర్లకు నేనే చెబుతాను.

ఈసారి నడవలేదు. ఇంట్లో కూర్చుని మజ్జిగ పోయించుకున్నాను.


డిసెంబర్ 19, మంగళవారం. శివ్వంపేట

ఇంద్రకరణ్ ఇంటికి పోయాను. అతను పంచాయతీ సమితి మెంబరు. వాకిట్లో ఎప్పుడూ పదిమంది. నన్ను చూడగానే అందర్నీ పంపేశాడు. ముందు తినమన్నాడు. పెరుగు రెండుసార్లు వేయించాడు. చిక్కిపోయినవ్ బావా, ఈడనే నాలుగు దినాలు ఉండు అన్నాడు. మనసులో ఉన్న మాటే అన్నాడు. చెల్లెలిని ఎత్తుకుని పెంచినవాడు.

కాగితం ఇచ్చాను. నింపాదిగా చదివాడు. మళ్ళీ చదివాడు.

బావా, గీ కాయితంల ఉన్నదేంది, మా చెల్లెకు మతి చెడింది అని, గదేనా అన్నాడు. మతి కాదు, రక్తనాళాలు అన్నాను. గది నీకు తెలుస్తది, నాకు తెలుస్తది, బయటోనికి తెలుస్తదా అన్నాడు. బాణామతి అంటె అయ్యో అంటరు. పిచ్చి అంటె తలుపులు మూస్తరు. ఇంట్ల పిల్లలున్నరు, రేపు ఎవడన్న సంబంధానికి వచ్చి మీ మేనత్తకు ఎట్లుండె అని అడుగుతడు, అప్పుడు నీ డాక్టరు వచ్చి చెప్తడా అన్నాడు.

రామమ్మ ఏం తప్పు చేసిందన్నాను. ఏం చెయ్యకుంటె చెల్లె ఎందుకు చెప్పింది, నా చెవులతోని విన్న, పోయెటోల్ల మాట అబద్ధమంటవా అన్నాడు.

అప్పుడు ఏడో రోజు వార్డులో నిర్మల అడిగింది చెప్పాను. నేను ఏమన్న అంటినా ఆమెను అని అడిగిందని. అతను, ఎవలు విన్నరు అన్నాడు. నేనే అన్నాను. నువ్వే అన్నాడు. కాగితం మడిచి నా జేబులో పెట్టాడు, చాలా జాగ్రత్తగా.

గేటు దాకా వచ్చి, నీకు ఆమె మీద గంత పావురమెందుకు బావా అన్నాడు. ఆ ప్రేమ మాట మంచి ఉద్దేశంతో అడిగింది కాదు.


డిసెంబర్ 23, శనివారం

ఫక్రుద్దీన్ టేక్మాల్ పోయి వచ్చాడు. అతని చెల్లెలు బీబీజాన్ అక్కడే ఉంటుంది. రంజాన్ నెల, రోజా మీద ఉన్నాడు. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. నీళ్ళు కూడా అడగలేని మనిషిని నిలబెట్టి వివరాలు అడిగాను.

కబురు ఆమెకంటే ముందే టేక్మాల్ చేరిందట. రామమ్మ తమ్ముడు ఆమెను ఇంట్లోకి రానివ్వలేదు. పశువుల కొట్టం పక్కన ఉండమన్నాడు. వచ్చిన వారానికి ఎవరిదో దూడ చచ్చింది. ఎవరి పిల్లకో జ్వరం. బాయి దగ్గరికి రానిస్తలేరు. గింజంత గూడ ఆమె చేతినుంచి ఎవలు తీస్కుంటలేరు, పొయ్యిలకు నిప్పు అడగపోతె గూడ తలుపు ఏస్తుండ్రు సారూ అన్నాడు. వచ్చే అమావాస్య నాడు పంచాయితీ. ఈసారి పండ్లు తప్పవట. శివ్వంపేట జీపు కూడా వస్తుందట.

అమావాస్య ముప్పై ఒకటి, ఆదివారం.

ఠాణాకు పోదామా అన్నాను. పోదాం సారూ, జవాను వస్తడు, ఒక దినం కూసుంటడు, చాయ తాగుతడు, మల్లా పోతడు, ఆ మరునాడు ఎవడు కూసుంటడు అన్నాడు. మా పండుగ చందమామ కోసం మేము చూస్తున్నం, గా చీకటి కోసం వాళ్ళు చూస్తుండ్రు, రెండు ఒక్కతానికే వచ్చినయి అని లేచి పోయాడు.


డిసెంబర్ 25

చర్చి పండుగ. ఊరంతా బయటి జనం. బస్సులన్నీ ఇటే తిరుగుతున్నాయి. ఎల్లుండి టేక్మాల్ పోతాను.


డిసెంబర్ 27, బుధవారం. టేక్మాల్ నుంచి వచ్చి

చావడి దగ్గర ఇరవై మంది దాకా చేరారు. వాళ్ళలో భూమయ్య అనే పెద్దమనిషి మాటే చెల్లుతుంది. డెబ్బై ఏళ్ళుంటాయి. నాకు కుర్చీ వేయించాడు. కాగితం మొత్తం చదివాను. వాచిన గోడ, సన్నబడిన దారి అన్నీ విప్పి చెప్పాను. అడ్డం రాకుండా విన్నారు. భూమయ్య మంచి ప్రశ్నలు అడిగాడు. గోడ వాచినట్టు ఎట్ల తెలిసింది, ముక్క ఎంత తీసిండ్రు అని. అర్థమవుతోందని సంతోషించాను.

అంతా అయ్యాక అతను అన్నాడు. అంటె సారూ, గడ్డ లేదు. లేకున్నా ఉన్నట్టు ఫొటోల కనవడ్డది. గంత సదువుకున్న దాక్టర్లు నెత్తి కోసేదాంక పోయిండ్రు. లేనిదాన్ని ఉన్నట్టు దాక్టర్ల కండ్లకే చూపిచ్చిందంటె, అది మామూలు మనిషితోని అయ్యే పనేనా అని.

అందరూ తలలూపారు. ఎవరి మొహంలోనూ పగ లేదు. ఒక లెక్క తేలిందన్న నిమ్మళం ఉంది. నేను కాగితం చేతిలో పెట్టుకుని నిలబడ్డాను.

తర్వాత రామమ్మ దగ్గరికి పోయాను. చావడి మొత్తం నా వెంట వచ్చి కొంచెం దూరంలో ఆగింది. కొట్టం పక్కన తడకల చాటు. నెలరోజుల్లో సగమైంది. నన్ను చూసి, ఏం సారూ, అన్నం మాడగొట్టుకొని తింటున్నవా, మొహం గట్లనే ఉన్నది అంది. కాగితం సంగతి చెప్పాను. నవ్వింది. నీ కాయితం చదివెటోడు నన్ను కొట్టడు, కొట్టెటోడు నీ కాయితం చదవడు అంది. అమ్మ ఆఖరుకు నన్ను తలిచిందా అని అడిగింది. తలిచింది, నిన్ను ఏమన్నా అన్నానా అని అడిగింది అని చెప్పాను. అప్పుడు కొంగుతో మొహం మూసుకుంది. ఎంతసేపో తెలియదు. ఈసారి వాచీ చూడలేదు.

నాతో మెదక్ రమ్మన్నాను. ఎవలింట్ల ఉండాలె, నీ ఇంట్లనా, రెండో దినమే నాకు ఇంకో పేరు పెడుతరు, నీకు గూడ పెడుతరు అంది. నా పండ్లతోని నాకు పరేషాన్ లేదు సారూ, ఊడెటియే. ఒక్కటే అడుగుత, ఈ ఊర్ల నా చేతి నీళ్ళు తాగెటోడు ఒక్కడన్న ఉన్నడా అంది.

అంటూనే కుండలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఎండలో వచ్చినవ్, తాగు అని చాపింది. మాట్లాడి మాట్లాడి గొంతు ఆరిపోయి ఉంది. వెనక చావడి అంతా చూస్తోంది.

దప్పిక లేదన్నాను.

ఆమె చెంబు వెనక్కి తీసుకుంది. నీళ్ళు పారబోయలేదు. తిరిగి కుండలో పోసి మూత పెట్టింది.


డిసెంబర్ 28, గురువారం

ఆఫీసులో ఏ పనీ చేయలేదు.

ఎందుకు తాగలేదు. పదిమంది చూస్తున్నారని అనుకోవచ్చు. కానీ పదిమంది చూస్తున్నారు కాబట్టే తాగాల్సింది. అది అప్పుడే తెలుసు. చెంబు చేతికి అందేంత దగ్గరికి వచ్చినప్పుడు, నిర్మల అరిచిన అరుపు చెవిలో పడింది. ఒక్క క్షణం ఆ నీళ్ళంటే భయమేసింది. బి.ఎస్సీ. చదివాను. రిపోర్టు జేబులో ఉంది. ఆ కాగితం నా చేత్తో నేనే రాశాను. అయినా భయమేసింది.

భూమయ్యను తప్పు పట్టలేను. అతను విన్నదాన్నిబట్టి ఆలోచించాడు. నేను చేసింది చూసి ఉంటాడు కూడా. కాగితం చదివిన నోటితో నీళ్ళు వద్దన్నవాణ్ణి, ఏది నమ్మాలి అతను.

ఆదివారం ఆమెకు ఏమైనా జరిగితే, పట్టుకారు ఎవడిదైనా కావచ్చు. గడ్డ లేదన్న కబురు నాది. దప్పిక లేదన్న మాటా నాదే.

సాయంత్రం ఫక్రుద్దీన్‌కు అంతా చెప్పాను. దాచలేదు. కాయితం ఇంట్ల పెట్టుండ్రి సారూ, ఆకలి కడుపుతోని పోదాం అన్నాడు.


డిసెంబర్ 29, శుక్రవారం

సోమ, మంగళ, బుధవారాలకు లీవు రాసిచ్చాను. రేపటికి వేరే చీటీ. కారణం అన్నచోట సొంత పని అని రాశాను.

ఇంద్రకరణ్‌కు ఉత్తరం వేశాను. జీపు వస్తే నేను అక్కడే ఉంటానని రాశాను. అంతే.

ఫక్రుద్దీన్ తోడు వస్తున్నాడు. రోజా ఉన్నవాడివి, నువ్వెట్లా తింటావంటే, పొద్దు గూకినంక ఆమె చేతి నీళ్ళతోనే రోజా ఇడుస్త సారూ, గది అయితె ఊరంత చూడొస్తది అన్నాడు.

రామమ్మ ఏది వండితే అది, ఆమె వాకిట్లో కూర్చుని, ఆదివారం దాటేదాకా పూటపూటా తింటాం. ఆ తర్వాత నెలరోజులు నాకు జలుబు కూడా చేయకూడదు. చేస్తే అదీ ఆమె మీదికే పోతుంది. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి. నిర్మల పోయాక ఆ అవసరం ఇదే మొదటిసారి.

రేపు ఉదయం ఏడు గంటల బస్సుకు పోతాను. దిగగానే ముందు ఆమెను మంచినీళ్ళు అడుగుతాను.